తమ్ముడికి రాసిచ్చిన పట్టిక

ఈ వృత్తాంతాన్ని కాగితం మీద పెట్టడానికి నాకు రెండు కారణాలున్నాయి. నెత్తురు గడ్డకట్టే జబ్బుకు ఇచ్చే మాత్రను ఏడేళ్ళుగా వేసుకుంటూ ఇంకా బతికి ఉన్నవాణ్ణి నేను. ఆ మాత్రను గురించి తెలిసినంతవరకు చెప్పడం నా విధి. అది మొదటి కారణం. అదే మాత్రను నా మాట మీద వేసుకుని నా తమ్ముడు చనిపోయాడు. అది రెండవ కారణం. దీనిని నేను ఇంతవరకు ఎక్కడా రాయలేదు. ముప్పై నాలుగేళ్ళు పిల్లల తప్పుల కింద ఎర్రసిరాతో గీతలు గీసినవాడు తన తప్పు కింద గీత గీయకుండా వెళ్ళిపోవడం క్రమం కాదు.

నేను పుంగనూరులో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి 1978లో ఉద్యోగ విరమణ చేశాను. మరుసటి సంవత్సరం చలికాలంలో మదనపల్లెలోని ఒక ఆసుపత్రిలో హెర్నియా ఆపరేషన్ జరిగింది. ఆసుపత్రి పేరు రాయను. ఇందులో వారి లోపం కంటె నా లోపమే పెద్దది. రెండు వారాలు మంచం మీద పడుకుని ఇంటికి వచ్చిన నాలుగో రోజున ఎడమ పిక్క బరువెక్కింది. సాయంత్రానికి లోపల ఎవరో తడిగుడ్డను మెలిపెట్టి పిండుతున్నట్టు అనిపించింది. నా భార్య ఆముదం వెచ్చజేసి తెచ్చింది, కాలు తోముతానంది. ఆసుపత్రి చీటీలో తోమమని రాయలేదు గనుక వద్దన్నాను. తోమివుంటే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరివుండేదేమోనని తరవాత డాక్టరు అన్నాడు. చీటీని అక్షరం తప్పకుండా పాటించడం ఆనాడు నా ప్రాణం కాపాడింది. ఆ విజయమే తరవాతి అనర్థానికి పునాది అయిందని ఇప్పుడు తెలుసు.

మళ్ళీ ఆసుపత్రి, మళ్ళీ ఆ వరండాలోని చెక్క బెంచీ. సగం వరకు ఆకుపచ్చ రంగు వేసిన గోడకు ఆనుకుని, నా పేరు పిలిచేంతవరకు, నేను నా ఊపిరిని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ప్రతి ఊపిరీ నా గుండెకు గడ్డను మోసుకొస్తున్నదేమోనన్న భయం. పక్కన కూర్చున్న ముసలామె తన సంచిలోంచి ఒక బత్తాయి తీసి, అడగకుండానే ఒలిచి, సగం నా చేతిలో పెట్టింది. ఆమె పేరు నాకు తెలియదు. ఆ సగం బత్తాయి రుచి మాత్రం ఈనాటికీ తెలుసు.

డాక్టరు ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు చెప్పాడు. నర్సు చీటీ చేతికిచ్చి, "అర్థమైందా సార్?" అంది. అర్థమైందన్నాను. నిజానికి సగమే అర్థమైంది. బడిలో అర్థం కాని పిల్లవాణ్ణి నిలబెట్టి అడిగించినవాణ్ణి, నాకు అర్థం కాలేదని ఒక ఆడపిల్ల ముందు చెప్పడం నాకు చేతకాలేదు.

మొదటి వారం రోజుకు అర మాత్ర. నెత్తురు పరీక్ష చేసి, రెండవ వారం ఒకటి. మళ్ళీ పరీక్ష చేసి, ఒకటిన్నర. అక్కడ స్థిరపడింది, తరవాత నెలకొక పరీక్ష. నేను తెల్లకాగితం మీద స్కేలుతో గళ్ళు గీసి, శీర్షికలు ఎర్రసిరాతో రాసి, క్యాలెండరు పక్కన గోడకు అంటించాను. సాయంత్రం రేడియోలో వార్తలు మొదలవగానే మాత్ర వేసుకోవడం, గడిలో గుర్తు పెట్టడం. ఒక్క రోజు కూడా తప్పలేదు.

"ఆ మాత్రకిచ్చే మర్యాద ముప్పై ఏండ్లలో నాకొక్క దినమన్నా ఇచ్చుంటే యెంత బాగుణ్ణు," అనేది నా భార్య.

అట్లా ఏడాదిన్నర గడిచింది. కాలు చక్కబడింది. ఇరుగుపొరుగు వాళ్ళు వచ్చి నా పట్టిక చూసి మెచ్చుకునేవారు. నేను ఆ మెప్పును కాదనలేదు.

1981 వేసవిలో నా తమ్ముడు నారాయణప్పకు కాలు విరిగింది. అతడు నాకంటె పదకొండేళ్ళు చిన్న. మా నాయన త్వరగా పోవడం వల్ల అతణ్ణి పెంచి చదివించినది నేనే; మా బడిలోనే చదివాడు. బడిలో "సార్" అనీ ఇంట్లో "అన్నా" అనీ పిలవాలని నేను పెట్టిన నియమాన్ని ఒక్కసారి కూడా తప్పలేదు. కుప్పం దగ్గర ఒక గ్రానైట్ క్వారీలో మేస్త్రీగా ఉండేవాడు. రాయి జారి కాలి మీద పడింది. నలభై రోజులు కట్టు. కట్టు విప్పిన వారానికి కాలు తొడ వరకు ఉబ్బింది. కబురు తెలియగానే నేనే వాళ్ళను మదనపల్లెకు రప్పించి, నాకు వైద్యం చేసిన డాక్టరుకే చూపించాను. అదే గడ్డ, అదే మాత్ర. పది రోజులు ఉంచుకుని పంపించారు.

కుప్పానికి తిరిగిపోతూ తమ్ముడూ అతని భార్య మునెమ్మా పుంగనూరులో మా ఇంట్లో దిగారు. నేను చీటీ అడిగి తీసుకుని చదివాను. రోజుకు అర మాత్ర. వారం వారం ఇక్కడికే వచ్చి నెత్తురు పరీక్ష.

"వారం వారం యాడ వచ్చేదన్నా?" అన్నాడు నారాయణప్ప. "రెండు బస్సులు మారల్ల. ఈ కాలేసుకోని ఎక్కేది దిగేది నావల్ల కాదు. ఆడ రాయి లోడింగు గూడా జరగతాండాది."

అప్పుడు నేను చేసిన పని ఇది. అర మాత్ర అనేది ఆరంభానికి మాత్రమేనని, నాకు జరిగినట్టే అతనికీ క్రమంగా పెరుగుతుందని అనుకున్నాను. ఏ మెట్లు ఎక్కి నేను బాగుపడ్డానో అవే మెట్లు అతనికీ అని నిశ్చయించాను. గోడ మీది పట్టికను ముందు పెట్టుకుని, కొత్త కాగితం మీద గళ్ళు గీసి, మొదటి వారం అర, రెండవ వారం ఒకటి, మూడవ వారం నుంచి ఒకటిన్నర అని శుభ్రంగా నకలు రాశాను. ప్రతి మెట్టుకు ముందు నాకు నెత్తురు పరీక్ష జరిగిందన్న సంగతి నా పట్టికలో లేదు. మాత్రలకు గళ్ళు గీశాను గాని పరీక్షలకు గళ్ళు గీయలేదు. కాబట్టి నకలులోనూ అవి రాలేదు.

"ఇది పాటించు. నెలాఖరుకు ఒకసారి వస్తే చాలు," అన్నాను.

తలుపు చాటున నిలబడిన మునెమ్మ ఒక్కసారి అడిగింది. "బావా, నీ ఒళ్ళు యాడ, ఆయన ఒళ్ళు యాడ? ఇద్దురికీ ఒకే లెక్కా?"

"చదువుకున్నవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో రావద్దు," అన్నాను.

తమ్ముడు నవ్వాడు. "ఊరుకోమే. అన్న రాసిస్తే అది గెజెట్టే." కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

మూడు వారాలకు అతని కార్డు వచ్చింది. పట్టిక ప్రకారమే నడుస్తున్నానని, ప్రతి గడిలో గుర్తు పెడుతున్నానని రాశాడు. కింద, చోటు చాలక చిన్న అక్షరాలతో, వేపపుల్లతో పండ్లు తోముకుంటే నెత్తురు వస్తున్నదని, కాలినొప్పికి అంగడిలో మాత్రలు కొని వేసుకుంటున్నానని రాశాడు. నేను ఆ పూటే జవాబు రాశాను. "పుల్ల మాని పండ్లపొడి వాడు. క్రమం తప్పకు." నెత్తురు వచ్చినది పుల్ల గరుకుదనం వల్ల కాదని, నెత్తురును పలచబరిచే ఈ మాత్ర ఎక్కువై వచ్చిందని, నొప్పిమాత్ర ఈ మాత్రతో కలిస్తే నిప్పుకు నూనె అవుతుందని ఆనాడు నాకు తెలియదు. తెలియదన్న సంగతి కూడా తెలియదు.

మరో వారం తరవాత ఒక ఉదయం మా వాకిట్లో రాళ్ళ లారీ ఆగింది. క్వారీ లారీ డ్రైవరు మహబూబ్ బాషా దిగకుండానే కేక వేశాడు. "అయ్యోరూ, బిన్నా ఎక్కు! నారాయణన్న లోపల ఉండాడు. మదనపల్లెకి పోవల్ల."

తమ్ముడు మునెమ్మ ఒడిలో తల పెట్టుకుని ఉన్నాడు. నాలుగు రోజులుగా దొడ్డికి నల్లగా పోతున్నదట. తెల్లవారి క్వారీలో కళ్ళు తిరిగి పడిపోయాడు. చేతుల మీద, ఎక్కడా దెబ్బ తగలకుండానే, నీలపు మచ్చలు లేచి ఉన్నాయి. నన్ను చూసి లేచి కూర్చోబోయాడు. నేను ఎదురైతే పడుకుని ఉండడం అతనికి అలవాటు లేదు.

క్యాజువాలిటీలో ఆ పూట డ్యూటీలో ఉన్న పెద్ద నర్సు పేరు సుగుణమ్మ; నెలవారీ పరీక్షలకు వచ్చే నన్ను ఎరిగినదే. "ఏం మాత్రలు ఏసుకుంటాండాడు?" అని అడిగింది. మునెమ్మ అతని జేబులోంచి డాక్టరు చీటీనీ నా పట్టికనూ తీసి ఇచ్చింది. సుగుణమ్మ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసింది.

"చీటీలో అర అని ఉండాది. దీంట్లో ఒకటిన్నర అని ఉండాది. ఇది ఎవురు రాసింది?"

నేను నోరు తెరవలేదు. మునెమ్మ నా వైపు చూసి, కళ్ళు దించుకుంది. అప్పుడు తమ్ముడు కళ్ళు తెరిచాడు.

"నేనే రాసుకుంటి సిస్టర్. అన్న పట్టిక సూసి కాపీ కొట్టినా." కొంచెం నవ్వబోయాడు. "బళ్ళో గూడా అంతే. అన్నను అడుగు."

బడిలో అతడు ఎన్నడూ కాపీ కొట్టలేదు. అందుకు నేను సాక్షిని. ఆ సాక్ష్యం ఆనాడు చెప్పలేదు.

నెత్తురు ఎక్కించాలన్నారు. చొక్కా చెయ్యి మడిచి ముందు నేను నిలబడ్డాను. సుగుణమ్మ నా చెయ్యి పట్టుకుని కిందికి దించింది. "మీరు ఇయ్యగూడదు సార్. మీరూ అదే మాత్ర మీద ఉండారు. సూది గుచ్చితే మీ నెత్తురే నిలబడదు." అతణ్ణి పెంచినవాణ్ణి, అవసరానికి ఒక సీసా నెత్తురు ఇవ్వడానికి పనికిరాలేదు. బాషా ఇచ్చాడు. "తీస్కో సిస్టర్, మా అమ్మ సద్దిముద్ద తిన్న నెత్తురు, గట్టిది," అని నవ్విస్తూ పడుకున్నాడు. లేచిన తరవాత తనకిచ్చిన టీ గ్లాసును తెచ్చి మునెమ్మ చేతిలో పెట్టాడు.

రెండు రోజులు తగ్గుముఖం పట్టినట్టే కనిపించింది. మూడవ రోజు పగలు, "తల పగిలిపోతాండాదన్నా," అన్నాడు. మాట తడబడింది. డాక్టరును పిలుచుకురావడానికి నర్సు పరుగెత్తింది. అతడు నా వేలు పట్టుకుని, "మూడు దినాలుగా గళ్ళు నింపలేదు," అన్నాడు. నాకు వినిపించిన చివరి మాట అదే. మధ్యాహ్నానికి పోయాడు.

దినవారాలు గడవకముందే, ఆ సాయంత్రమే, ఎవరి ఇంట్లోనో రేడియోలో వార్తలు మొదలయ్యాయి. నా భార్య మాత్ర, నీళ్ళ చెంబు తెచ్చి నా ముందు పెట్టి నిలబడింది. నేను వేసుకున్నాను. తమ్ముణ్ణి చంపిన మాత్ర నన్ను బతికిస్తున్నది. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు ప్రతి సాయంత్రమూ ఆ మాత్ర గొంతు దిగడానికి రెండు గుటకలు పడుతుంది. పండ్లు తోముకున్న ప్రతిసారీ ఉమ్మి రంగు చూస్తాను. గోడ మీది పట్టికను చించివేశాను. జబ్బు కాలిలో ఉన్నప్పుడు భయం మాత్రమే ఉండేది. ఇప్పుడు భయానికి నిద్రపట్టే రోజులున్నాయి గాని, దుఃఖానికి లేవు.

మునెమ్మ రామసముద్రం దగ్గర పుట్టింటికి వెళ్ళిపోయింది. సంవత్సరీకానికి వచ్చి, వంటంతా చేసి, నాకు వడ్డించి, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళింది. మాట్లాడమని అడిగే అర్హత నాకు లేదు.

1983లో నెలవారీ పరీక్షకు వెళ్ళినప్పుడు సుగుణమ్మ నన్ను వరండాలో ఆపింది. గడ్డలతో వచ్చేవాళ్ళూ, మాత్ర తప్పుగా వేసుకుని నెత్తురు కక్కుతూ వచ్చేవాళ్ళూ క్యాజువాలిటీకే ముందు వస్తారని, వాళ్ళు తిరిగి పోయేటప్పుడు ఏమి చెప్పాలో తన నర్సులకు నేర్పాలని ఉందని చెప్పింది.

"మా పిల్లలకు మందియ్యడం తెలుసు సార్, మనిషికి సెప్పడం తెల్దు. గడగడా సెప్పేసి పంపిచ్చేస్తారు. మీరొచ్చి నేర్పిస్తారా?"

"నాకు ఆ అర్హత లేదు. ఎందుకో మీకు తెలియదు," అన్నాను.

"తెలుసు సార్." ఆమె గొంతు తగ్గించింది. "పరీక్షల కాగితాల మీద మీరు పేరు రాసేది నెల నెలా సూస్తానే ఉండాను, ఆ పట్టికలో ఉండింది అదే చేతిరాత. ఆ దినమే తెలుసు."

రెండేళ్ళు ఆమె ఎవరికీ చెప్పలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. నేను ఆ బెంచీ మీద కూర్చుండిపోయాను. "పట్టికలు మాత్రం రాయను," అన్నాను.

"రాయొద్దండి. బళ్ళో పాఠం అప్పజెప్పించుకుంటారు గదా, అది నేర్పించండి సాలు."

మధ్యాహ్నం డ్యూటీలు మారే వేళ, దుప్పట్లు మడతపెట్టే గదిలో ఐదుగురు నర్సులు కూర్చున్నారు. మందు సంగతి సుగుణమ్మ చెప్పింది. చెప్పే పద్ధతి నేను చెప్పాను. నేను రోగిగా కూర్చుంటే, లిల్లీ అనే పిల్ల నా ముందు నిలబడి ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. మాత్ర ఒకే వేళకు వేసుకోవాలి, తప్పితే మర్నాడు రెండు వేసుకోరాదు, నొప్పిమాత్రలు అంగట్లో కొనరాదు, పరీక్ష మానరాదు, చిగుళ్ళ నుంచి నెత్తురు వచ్చినా దొడ్డికి నల్లగా పోయినా వెంటనే రావాలి, ఒకరి మాత్ర ఇంకొకరికి కొలత కాదు. నేను తల ఊపాను.

"అర్థమైందా పెద్దాయనా?" అంది.

"అర్థమైందమ్మా."

ఆ పిల్ల సంతోషంగా సుగుణమ్మ వైపు తిరిగింది. "ఇప్పుడు నన్ను పంపించావు. నేను చచ్చిపోయాను," అన్నాను. ఆ పిల్ల మళ్ళీ నా వైపు తిరిగింది. "తల ఊపినవాణ్ణి నమ్మవద్దు. నేనూ ఇదే ఆసుపత్రిలో తల ఊపినవాణ్ణే. అతని నోటితో చెప్పించుకో. అతని ఇంటివాళ్ళు ఏమి అడుగుతారో అడగనివ్వు. అడిగినవాళ్ళను కసరవద్దు."

వారం తరవాత సోమల నుంచి వచ్చిన ఎర్రప్ప అనే రైతు ఇంటికి పోతుంటే లిల్లీ అతణ్ణి ఆపి అప్పజెప్పమంది. నేను పక్కనే ఉన్నాను.

"ఏమ్మా, ఈ వయసులో నన్ను బళ్ళో ఏస్తాండారా?" అన్నాడు ఎర్రప్ప.

"సెప్పితేనే మందుల సంచి ఇస్తాను. ఒక దినం మాత్ర మర్సిపోతే ఏం జేస్తావు?"

"ఏముండాది, మర్నాడు రెండేసుకుంటా. బాకీ పెట్టుకుంటే యెట్ల?"

అతని భార్య పక్కనుంచి, "అదే గదా వద్దనింది ఆ యమ్మ! నీ చెవులు సోమల్లో పెట్టొచ్చినావా?" అంది. లిల్లీ మళ్ళీ చెప్పింది. మళ్ళీ చెప్పించుకుంది. మూడవసారి సరిగా చెప్పాడు. వాళ్ళు నడిచిపోతుంటే చూస్తూ ఆ గోడకు ఆనుకుని నిలబడ్డాను. అంత చిన్న పని. అర్ధగంట కూడా పట్టలేదు.

ఆ మధ్యాహ్నం నర్సులందరికీ ఆ పట్టిక ఎవరు రాసిందో చెప్పాను. తరవాత రామసముద్రం బస్సెక్కి వెళ్ళి మునెమ్మకు, చెప్పేశానని చెప్పాను. ఆమె చెరుగుతున్న చేటను పక్కన పెట్టి, తమ్ముడు పోయిన తరవాత మొదటిసారి నాతో మాట్లాడింది.

"నిన్ను పట్టియ్యగూడదని ఆయన అంత కష్టం మీద ఆ మాట అనె. దాన్ని నేను యాల సెడగొట్టాలని నోరు మూసుకుంటి బావా. నీమీద కోపంతో గాదు."

ఈ వ్రాత ముగించి, ఆమెకు చదువు రాదు గనుక, పోయిన నెల ఆమె ముందు కూర్చుని మొత్తం చదివి వినిపించాను. ఏమైనా తప్పుంటే చెప్పమన్నాను. "ఒకటుండాది," అంది. పైన, పట్టిక రాసిన పూట ఆమె ఒక్కసారి అడిగిందని రాశాను. ఒక్కసారి కాదట. మర్నాడు పుంగనూరు బస్టాండులో, తమ్ముణ్ణి ఎక్కించి నేను దిగుతుంటే, "బావా, ఆ డాక్టరునే ఇంకోసారి అడగరాదా?" అని నా వెనక నుంచి అడిగిందట. నేను వినిపించుకోకుండా వెళ్ళిపోయానట.

నాకు అది జ్ఞాపకం లేదు. ఆమెకు ఉంది. కాబట్టి అదే సరైనది. పై వాక్యాన్ని కొట్టివేయకుండా అట్లాగే ఉంచాను. తప్పు పక్కనే దిద్దుబాటు కనిపించాలని పిల్లలకు నేర్పినవాణ్ణి.

ఆమె రెండుసార్లు అడిగింది.

ఇందులో ఇంకా తప్పులుండవచ్చు. మందు విషయంలోనైనా, జరిగినదాని విషయంలోనైనా పొరపాటు కనిపించినవారు మొహమాటపడక నాకు తెలియజేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను. నేను వినకపోతే, దయచేసి మరొకసారి చెప్పండి.